దేశభక్తికి బండి తాళం లాక్కోవాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా కాలనీ సంఘం రెండు నెలల కిందట ఒక తీర్మానం చేసింది. రోజూ ఉదయం 8 గంటలకు పార్కు దగ్గర మైకులో జనగణమన వేస్తారు. ఎక్కడివాళ్లు అక్కడ ఆగి నిలబడాలి. నిలబడనివాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడతామని నోటీసు అంటించారు. జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి రోజూ పాడుతున్నారు, మనమెందుకు చేయకూడదన్నారు.

నాకూ మొదట బాగానే అనిపించింది. 2022 ఆగస్టు 16న తెలంగాణ అంతటా ఒకేసారి జాతీయ గీతం పాడినప్పుడు నేను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆటోలో ఉన్నాను. పదకొండున్నరకు బండ్లన్నీ ఆగాయి. మా ఆటో అతను దిగి, చెప్పులు విడిచి, ఆ ఎండలో తారురోడ్డు మీద నిటారుగా నిలబడ్డాడు. చెప్పులు విడవమని అతనికి ఎవరూ చెప్పలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత ఆ గీతం పాడించినదాన్ని, దాని విలువ నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పోయిన వారం సరుకులు తెచ్చే కుర్రాడు ఒకడు గీతం సగంలో ఉండగా గేటు దాటి లోపలికి వచ్చాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తలకు హెల్మెట్, చెవిలో ఇయర్‌ఫోన్. ఇద్దరు పరుగెత్తుకెళ్లి బండికి అడ్డంపడి తాళం లాక్కున్నారు. బండి ఒరిగి, సంచిలోంచి పాల ప్యాకెట్ జారి పగిలింది. "వినబళ్లేదు సార్, నిజంగా వినబళ్లేదు" అంటూనే ఉన్నాడు. మూడుసార్లు జై కొట్టించాక తాళం ఇచ్చారు. చేతులు వణికి దాన్ని బండికి పెట్టలేకపోయాడు. ఈలోగా ఆర్డర్ ఏమైందని ఫోన్ మోగుతూనే ఉంది. పది అడుగుల దూరంలో నేనున్నాను. గీతం అయ్యేదాకా కదలకూడదని నిలబడిపోయాను. అయ్యాక కూడా నోరు పెగల్లేదు. ఆ బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

గీతం 52 సెకన్లు. ఆ 52 సెకన్లలో పరుగులు తీసింది, కేకలు వేసింది ఎవరు? మన చట్టం, అంటే 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం, శిక్షించేది కావాలని గీతాన్ని అడ్డుకోవడాన్ని, పాడుతున్నవాళ్ల మధ్య అలజడి చేయడాన్ని. సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి అని 2016 నవంబరు 30న ఆదేశించిన సుప్రీంకోర్టే 2018 జనవరి 9న ఆ తప్పనిసరిని తీసేసింది. అంతకుముందు, 1986లో, కేరళలో ముగ్గురు బడిపిల్లలు తమ మత విశ్వాసం వల్ల గీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డారని బడి నుంచి పంపేస్తే, వాళ్లను తిరిగి చేర్చుకోమని తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ చిన్నపరెడ్డి. సుప్రీంకోర్టుకు లేని పట్టుదల కాలనీ సంఘానికి ఎందుకు?

వాట్సాప్‌లో పెట్టిన పేర్లు చూశాను. ఇస్త్రీ బండి అతను, ఒక వాచ్‌మన్ భార్య, పై అంతస్తులో అద్దెకుండే కుటుంబం, మోకాలి ఆపరేషన్ అయ్యి బెంచీ మీంచి లేవలేని పెద్దావిడ. అదే సమయంలో బాల్కనీలో కుర్చీలో కాఫీ తాగుతూ కనిపించే సొంతింటి వాళ్ల పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఎనిమిదింటికి రోడ్డు మీద ఉండేది ఎవరు? పొట్టకూటి కోసం పరుగెత్తేవాళ్లే. పరీక్ష మొత్తం వాళ్లకే పడుతోంది. ఇస్త్రీ అతను ఇప్పుడు ఎనిమిది దాటాకే బండి తెస్తున్నాడు.

బడిలో రోజూ చెప్పించే ప్రతిజ్ఞను మన నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాశారు. "భారతీయులందరూ నా సహోదరులు" అని అందరికీ గుర్తుంటుంది. "ప్రతివారితోనూ మర్యాదగా నడచుకొంటాను" అన్న మాట కూడా అందులోనే ఉంది. తాళం లాక్కున్న ఆ ఇద్దరూ చిన్నప్పుడు దాన్ని కొన్ని వందలసార్లు చెప్పే ఉంటారు.

గీతం ఆపమని నేను అడగడం లేదు. మైకు పెట్టండి, వచ్చేవాళ్లు వస్తారు, నేనూ వస్తాను. ఆ నోటీసు చింపెయ్యండి. గ్రూపులో పేర్లు తీసెయ్యండి. బండి ఆపి తాళాలు లాక్కునే హక్కు ఎవరికీ లేదని పోలీసువారు ఇలాంటి సంఘాలన్నిటికీ చెప్పాలి. ఆ కుర్రాడు మళ్లీ మా వీధికి రాలేదు. వస్తే, ఆ రోజు పగిలిన పాల ప్యాకెట్ డబ్బులు అతని దగ్గర కోసుకున్నారేమో కనుక్కుని ఇచ్చేయాలని చూస్తున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, విద్యానగర్, హైదరాబాద్