ఆపిన కారులో డ్యాష్ క్యామ్: కటాఫ్ లేని కనెక్షన్లు వద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు వైపు సాగే 44వ నంబరు రహదారి మీద నిత్యం తిరిగేవారిలో చాలామంది ఇప్పుడు కారు ముందు అద్దానికి డ్యాష్ క్యామ్, అంటే దారిని రికార్డు చేసే చిన్న కెమెరా, బిగించుకుంటున్నారు. ప్రమాదం జరిగినప్పుడు తప్పు ఎవరిదో తేల్చడానికి అది పనికివస్తుంది కనుక ఇది సంతోషించదగిన విషయమే. అయితే బండి ఆపి ఉన్నప్పుడు ఎవరైనా గుద్దిపోయినా రికార్డు కావాలని అడిగేవారికి, మన పట్టణాలలోని కొన్ని దుకాణాలలో కెమెరా తీగను ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు నేరుగా కలిపి పంపేస్తున్నారు. పార్కింగ్ రికార్డింగు వద్దని నేను అనడం లేదు. బ్యాటరీ వోల్టేజి ఒక హద్దుకు పడిపోగానే కెమెరాను ఆపివేసే కటాఫ్ లేకుండా ఆ కనెక్షను ఇవ్వరాదని మాత్రం, ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధించిన వ్యక్తిగా గట్టిగా చెప్పదలచాను.

లెక్క చాలా చిన్నది. కెమెరా సుమారు 0.3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 24 గంటలకు 7 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత) దాటుతుంది. శుక్రవారం సాయంత్రం నల్లగొండ రైల్వే స్టేషన్ దగ్గర కారు నిలిపి సోమవారం ఉదయం తిరిగివచ్చే ఉద్యోగికి, చిన్న పెట్రోలు కార్లలో తరచుగా కనిపించే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అది కొత్తదైనా సరే, సగానికి దిగి ఉంటుంది. మూడేళ్లు నిండిన బ్యాటరీ అయితే సెల్ఫ్ తీసుకోకపోవచ్చు. జంపర్ కేబుల్ వేసి స్టార్టు చేసుకుంటే పని జరిగిపోయిందనుకోవడం పొరపాటు. కారు బ్యాటరీ క్షణకాలం పెద్ద కరెంటు ఇవ్వడానికి తయారైనదే తప్ప లోతుగా ఖాళీ కావడానికి కాదు. పదేపదే అలా ఖాళీ అయితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, అది మళ్లీ పూర్తి చార్జి తీసుకోదు. క్లాక్ టవర్ నుంచి కలెక్టరేట్ దాకా వెళ్లివచ్చినంత మాత్రాన పోయిన చార్జి తిరిగి రాదు, దానికి గంటల తరబడి ప్రయాణం కావాలి.

ఇందుకు మార్గం హార్డ్‌వైర్ కిట్, అంటే కెమెరాను కారు ఫ్యూజు పెట్టెకు కలిపే, కటాఫ్ ఉన్న తీగల సెట్టు. చాలా కిట్లలో కటాఫ్‌ను 11.6 నుంచి 12.4 వోల్టుల మధ్య ఎంచుకోవచ్చు, కానీ బిగించేవారు దానిని అన్నిటికంటే తక్కువ అంకె మీదనే వదిలేస్తారు. నిండు బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులకు పైన చూపుతుంది, 12.2 దగ్గర ఇంచుమించు సగం మిగులుతుంది, 11.8కి వచ్చేసరికి దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి 12.2 కంటే తక్కువ పెట్టవద్దని, పాత బ్యాటరీకి 12.4 పెట్టడమే మేలని నా అభిప్రాయం. రికార్డింగు కొన్ని గంటలు తగ్గుతుంది, నిజమే. ఉదయాన్నే బండి కదలడం అంతకంటే ముఖ్యం.

కిట్‌లో సాధారణంగా మూడు తీగలు ఉంటాయి. పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, ఎరుపుది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, నలుపుది బాడీ ఎర్తుకు, అంటే కారు లోహపు భాగానికి, వెళ్లాలి. మొదటి రెండింటినీ తొందరలో ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకే కలిపేస్తే, బండి నడుస్తూనే ఉందని కెమెరా భావించి పార్కింగ్ మోడ్‌లోకే (బండి ఆపినప్పటి రికార్డింగులోకే) వెళ్లదు. తీగ కోసి అతికించడం, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు నుంచి కరెంటు తీయడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఫ్యూజు ట్యాప్ (తీగ కోయకుండా ఫ్యూజు చోటు నుంచే కరెంటు తీసే చిన్న కనెక్టరు) వాడి, కెమెరాకు విడిగా చిన్న ఫ్యూజు పెట్టాలి.

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం మోసే లారీలది మరో సమస్య. అక్కడ రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. కెమెరాకు ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగితే అది దిగిపోతుంది, రెండవది మితిమీరి చార్జి అవుతుంది, చివరికి రెండూ పాడవుతాయి. 24 వోల్టులకు తగిన కిట్టే వాడాలి.

కొందరు పవర్ బ్యాంకును అద్దం కింద పెట్టి నడిపిస్తున్నారు. మన జిల్లాలలో మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ మామూలే. ఆ ఎండలో మూసి ఉన్న కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. లిథియం అయాన్ సెల్లులు అంత వేడికి ఉబ్బుతాయి, మంటలు కూడా రావచ్చు. విడి బ్యాటరీయే కావాలనుకునేవారు దీనికోసమే చేసిన, వేడిని మరింత తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ప్యాక్ కొని సీటు కింద అమర్చుకోవాలి. ఖరీదు ఎక్కువే, కానీ కారు బ్యాటరీ జోలికి పోదు.

దుకాణదారులకు నా విన్నపం ఒక్కటే: ఎన్ని వోల్టులకు కటాఫ్ పెట్టారో బిల్లు మీద రాసి ఇవ్వండి. శంషాబాద్ విమానాశ్రయంలో వారం రోజులు కారు నిలిపి వెళ్లేవారు మాత్రం కటాఫ్ ఉన్నా సరే, కెమెరా ప్లగ్గు తీసి వెళ్లాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఐ.టి.ఐ. బోధకుడు, నల్లగొండ