మా వీడియో ఎందుకు కనిపించడం లేదంటే

మా బండ్లలో తిరుమల కొండకు వచ్చే అందరికీ నమస్కారం.

దొంగ దర్శనం టికెట్ల సైట్లను ఎలా గుర్తుపట్టాలో చెబుతూ మేం మా పేజీలో పెట్టిన వీడియో ఏమైందని చాలామంది అడుగుతున్నారు. మేం తీసెయ్యలేదండీ. చట్టపరమైన అభ్యర్థన వల్ల భారత్‌లో చూపించడం లేదని ఒక్క ముక్క కనిపిస్తోంది, అంతే. డల్లాస్‌లో ఉండే మన కస్టమర్ ఒకాయన ఫోన్లో మాత్రం నిక్షేపంగా ఆడుతోందట. మోసపోయే జనమేమో ఇక్కడున్నారు.

అడిగింది ఏ అధికారో, ఏ మాట మీద అభ్యంతరమో మాకెవరూ చెప్పలేదు. నా అనుమానం ఒకటే. వీడియోలో ఒక దొంగ సైటు పేజీని అడ్రసుతో సహా చూపించాం. ఆ అడ్రసు ఎక్కడ కనబడితే అక్కడల్లా తీసెయ్యమని ఉంటారు. దొంగను చూపించినవాడి చేతికే బేడీలు పడ్డాయి. దానికి తోడు, ‘మీ వీడియోను గవర్నమెంటు ఆపేసిందంట, మీరూ ఆ బాపతేనా?’ అని అడిగి బండి క్యాన్సిల్ చేసుకున్నవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఆ సైట్లు పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టుకు వేలు కట్టి, ప్రింటు చేతబట్టుకుని కొండెక్కి, అది చెల్లదంటే ఏడ్చిన ముసలివాళ్లను కిందికి దింపుకొచ్చిన డ్రైవర్లు మా దగ్గరే ఉన్నారు. టీటీడీ కూడా ఇలాంటి సైట్ల మీద పోలీసులకు ఫిర్యాదులు చేస్తూనే ఉంది.

నా బాధంతా తీసే పద్ధతి గురించే. మా బావమరిది లాయరు. ఆయన విడమరిచి చెప్పాకే, మేం వీడియో పెట్టిన సైటు నడిపే కంపెనీ ఎందుకంత తొందరపడిందో అర్థమైంది. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 79వ సెక్షన్ ప్రకారం జనం పెట్టే పోస్టులకు కంపెనీ జవాబుదారీ కాదు. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటీసో అందాక కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుంది. ఆ చట్టం కింద వచ్చిన 2021 నిబంధనల్లో దానికి 36 గంటల గడువుండేది. 2026 ఫిబ్రవరి 20 నుంచి 3 గంటలే. ఆ కాస్త టైములో మా వీడియో మొత్తం విని, ఇది మోసమా, మోసం మీద హెచ్చరికా అని తేల్చే ఓపిక ఎవరికుంటుంది? ఉంచితే వాళ్లకు పైసా లాభం లేదు, తలనొప్పి మాత్రం ఉంది. వాళ్ల కుర్చీలో ఉంటే నేనూ తీసేద్దును.

ఇలాంటి నోటీసుల కోసం కేంద్రం 2024లో సహయోగ్ పోర్టల్ పెట్టింది. ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ దాని మీద కర్ణాటక హైకోర్టుకు వెళ్తే 2025 సెప్టెంబర్ 24న పిటిషన్ కొట్టేశారు. ఆ నవంబర్ 15 నుంచి మాత్రం జాయింట్ సెక్రటరీ, పోలీసుల్లో అయితే డీఐజీ, ఆ హోదాకు తగ్గనివాళ్లే నోటీసు ఇవ్వాలని, కారణం స్పష్టంగా రాయాలని నిబంధన మార్చారు. మంచిదే. ఆ కారణం వీడియో పెట్టినవాడికి కూడా ఒక కాపీ పంపితే వాళ్ల సొమ్మేం పోయింది?

బండ్ల ఈఎంఐలు కట్టుకునే నేను కోర్టుకు పోలేను. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాం. అక్కడ కాదంటే కేంద్రం 2023లో వేసిన అప్పీలు కమిటీకి వెళ్తాం. (తీయమన్నది ప్రభుత్వమే అయితే, వినేది కూడా ప్రభుత్వం వేసిన కమిటీయే కదా అంటే మా బావమరిది నవ్వాడు.)

ఈలోగా దొంగ సైటు అడ్రసు చూపించకుండా ఇంకో వీడియో తీస్తున్నాం. అడ్రసు చూపించకుండా తేడా చెప్పడం ఎలాగో ఇంకా తెగలేదు.

ఎప్పుడూ చెప్పేదే: మేం దర్శనం టికెట్లు అమ్మం. టీటీడీ సొంత వెబ్‌సైట్లోనో యాప్‌లోనో మీరే తీసుకోండి. దొరకకపోతే శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో ఉచిత టోకెన్లు ఇస్తారు, ఆధార్ మర్చిపోవద్దు. తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం బండ్లకు పాత నంబరుకే ఫోన్ చేయండి. వీడియో పెట్టిన మా పేజీకి మెసేజీలు పెట్టి మాత్రం నమ్ముకోకండి, రేపది ఉంటుందో లేదో మాకే తెలీదు.