ఉపశమన చికిత్స శిక్షణ: గడువు దాటినవారి గోడు

సంపాదకులకు,

అయ్యా,

తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి నొప్పినీ బాధనూ తగ్గించే ఉపశమన చికిత్సలో ఏడాదికి పూర్తికావలసిన శిక్షణకు, నర్సునైన నాకు మూడేళ్లకు పైగా పట్టింది. కోవిడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా ప్రకటించిన కొద్ది రోజులకే రోగుల పడకల దగ్గర జరగవలసిన మా అభ్యాసం ఆగిపోయింది, మమ్మల్ని కోవిడ్ వార్డులకు పంపారు. పాఠాలు మాత్రం ఆన్‌లైన్‌లో సాగాయి. న్యాయంగా చెప్పాలంటే బాగానే సాగాయి. మందుల మోతాదులు తెర మీద నేర్చుకోవచ్చు. ‘నాకింక ఎన్నాళ్లు?’ అని అడిగిన మనిషికి జవాబిచ్చే ముందు ఎంతసేపు ఊరుకోవాలో మాత్రం, అనుభవమున్న నర్సు పక్కన నిలబడి చూస్తేగాని తెలియదు.

విచిత్రమేమిటంటే, కోవిడ్ వార్డులో నేను చేసిన పనిలో చాలా భాగం ఆ కోర్సు నేర్పేదే. ఊపిరాడక అల్లాడుతున్నవారికి డాక్టరు రాసిన కొద్దిపాటి మార్ఫిన్ ఇచ్చి, ఆయాసం నెమ్మదించడం చూశాను. ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోనును ఒక పెద్దాయన చెవి దగ్గర ఇరవై నిమిషాలు పట్టుకున్నాను. అవతల కూతురు మాట్లాడుతూనే ఉంది, ఇవతల ఆయన కనురెప్పలు మాత్రం కదిలాయి. సంతకం పెట్టవలసిన శిక్షకులు అక్కడ లేరు కనుక అభ్యాసాన్ని నమోదుచేసే నా లాగ్‌బుక్‌లో ఆ నెలల పేజీలు ఖాళీగానే మిగిలాయి. తర్వాత గడువు దాటిందని మళ్లీ ఫీజు కట్టమన్నారు. నాతో చేరినవారిలో ఇద్దరు అక్కడితో మానేశారు.

ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఉపశమన చికిత్స అవసరమని, అందుతున్నది సుమారు 14 శాతం మందికేనని అదే ఆరోగ్య సంస్థ అంచనా. ఆరోగ్య సిబ్బందికి ఈ శిక్షణ ఇవ్వాలని ఆ సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ 2014లోనే తీర్మానించింది. అలాంటప్పుడు సగం దారి నడిచినవారిని తేదీ దాటిందని వెనక్కి పంపడం నాకు అర్థంకాని లెక్క.

పడక పక్కన అభ్యాసాన్ని తగ్గించమని నేను అడగడం లేదు. అలా తగ్గించి సర్టిఫికెట్లు పంచితే నష్టపోయేది రోగి. 1967లో బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ లండన్‌లో, చివరి దశలోని రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచినప్పుడు రోగుల సంరక్షణనూ బోధననూ ఒకే కప్పు కింద ఉంచింది ఊరికే కాదు. నేను అడిగేదల్లా, శిక్షణ సంస్థలు అదనపు ఫీజు లేకుండా గడువు పొడిగించాలని, కోవిడ్ వార్డులో చేసిన పనిని వార్డు బాధ్యుల ధ్రువీకరణతోనూ ఒక ప్రత్యక్ష పరీక్షతోనూ లెక్కలోకి తీసుకోవాలని. మానేసిన ఆ ఇద్దరూ ఇప్పటికీ వార్డుల్లోనే పనిచేస్తున్నారు. వారి లాగ్‌బుక్కులను మరొక్కసారి తెరిపించాలని మనవి.

భవదీయురాలు,
ఒక నర్సు