వార్షిక నివేదిక 2024–25: మన కప్పులో అతిథి జట్లు

గౌరవ సభ్యులకు, ఆటగాళ్ల తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి నివేదికలో ముప్పాతిక భాగం ఒక్క విషయానికే పోతుంది. మన అండర్-17 ఫుట్‌బాల్ కప్పులోకి ప్రొఫెషనల్ క్లబ్బుల కుర్ర జట్లను రానివ్వాలా వద్దా అని నిరుటి సర్వసభ్య సమావేశంలో రాత్రి పదింటి దాకా వాదించుకున్నాం. చివరికి ఒక్క ఏడాది చూద్దామని తీర్మానించాం. ఏం చూశామో ఉన్నదున్నట్టు మీ ముందు పెట్టడం కార్యదర్శిగా నా బాధ్యత.

మిగతావి ముందే చెప్పేస్తాను. వేసవి శిబిరం ఎప్పటిలాగే మే నెలలో, తెల్లవారి ఐదున్నర నుంచి ఎనిమిదింటి దాకా నడిచింది. ఎనిమిది దాటితే తిరుపతి ఎండలో పిలకాయల్ని నిలబెట్టకూడదన్న నియమాన్ని ఎవరడిగినా సడలించలేదు. ఆడపిల్లల జట్టుకు మాత్రం సాయంత్రాలు లైట్లున్న మైదానం ఈ ఏడాది కూడా చూపించలేకపోయాం. రేణిగుంట, తిరుచానూరు నుంచి వచ్చే అమ్మాయిలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అందుకే వాళ్ల ప్రాక్టీసు ఆదివారాలకే పరిమితమైపోయింది. ఇది మన లోటే. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

ఇక కప్పు సంగతి. డిసెంబరులో జరగాల్సింది. వానలకు మైదానం మడికయ్యలా తయారైంది. జనవరి రెండో వారానికి మార్చాం. జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊరు ఊరంతా ఆ దుఃఖంలో ఉంటే ఆట ఆడించడానికి మనసొప్పలేదు. సంక్రాంతి వెళ్లాకే మొదలుపెట్టాం. అతిథి జట్లు రెండూ టికెట్లు మార్చుకుని మరీ వచ్చాయి. ఒకటి బెంగళూరు నుంచి, ఒకటి చెన్నై నుంచి. ఈ నివేదికలో ఒక ఫిర్యాదు కూడా ఉంది, అందులో ఉన్నది పిల్లలు. అందుకని క్లబ్బుల పేర్లు రాయడం లేదు.

అంత పెద్ద క్లబ్బుల పిల్లలకు మన కప్పుతో ఏం పని అని చాలామంది అడిగారు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సు కావాలంటే ప్రొఫెషనల్ క్లబ్బు కుర్ర జట్లను నడిపి తీరాలి. జట్టు పెట్టాక దానికి ఆటలూ ఉండాలి కదా. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) యూత్ లీగులున్నాయి, పెద్ద కుర్రాళ్లకు 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ ఉంది. అన్నీ కలిపినా ఏడాదిలో కొన్ని నెలలే. మిగిలిన రోజులు తమలో తామే రెండుగా చీలి ఆడుకోవాలి. అందులో గెలిచినా ఓడినా రాత్రికి అదే హాస్టలు, అదే భోజనం. ఓడితే సంచి సర్దుకుని ఇంటికి పోవాల్సిన ఆట కుర్రాడికి కప్పులోనే దొరుకుతుంది. ఇలా కుర్రాళ్లను పంపడం కొత్తేం కాదు. కేరళ ప్రీమియర్ లీగును 2019–20లో గెలిచింది కేరళ బ్లాస్టర్స్ అనే ప్రొఫెషనల్ క్లబ్బు రిజర్వు జట్టే, అంటే పెద్ద జట్టు వెనక ఉండే రెండో జట్టే. 1888లో పుట్టిన డ్యూరాండ్ కప్పుకు అదే క్లబ్బు 2022లో రిజర్వు కుర్రాళ్లను పంపితే వాళ్లు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. 1898 నాటి కలకత్తా లీగులోనూ పెద్ద క్లబ్బులు ఈమధ్య ఎక్కువగా కుర్రాళ్లనే దించుతున్నాయి.

వద్దన్న సభ్యుల మాటలోనూ న్యాయం ఉంది. ఇంగ్లండులో మూడు, నాలుగు డివిజన్ల క్లబ్బులకని నడిచే ఈఎఫ్ఎల్ ట్రోఫీలోకి 2016–17లో పెద్ద అకాడమీల అండర్-21 జట్లను పిలిచారు. చిన్న ఊళ్ల అభిమానులు మండిపడి మైదానానికి రావడమే మానేశారు. మా కప్పును మీ పిల్లల ప్రాక్టీసుకు వాడుకుంటారా అన్నది వాళ్ల బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. వాళ్లే కప్పులన్నీ ఎత్తుకుపోతారన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు. 2025 దాకా ఒక్క అండర్-21 జట్టూ అందులో ఫైనల్ చేరలేదు. 2018లో సెమీఫైనల్ దాకా వచ్చిన చెల్సీ కుర్రాళ్లు లింకన్ సిటీ చేతిలో పెనాల్టీల మీద ఓడారు.

మన దగ్గర ఏమైందంటే, మొదటి రోజే చంద్రగిరి జట్టు మీద బెంగళూరు పిల్లలు ఏడు గోల్స్ కొట్టారు. మనవాళ్లు ఒక్కటీ కొట్టలేదు. నాలుగో గోల్ తర్వాత గట్టు మీద కూర్చున్న తండ్రుల్లో ఒకాయన లేచి నా దగ్గరికొచ్చి, "ఇందుకేనా సార్ పిలిచింది?" అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు. నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మర్నాడు ఆరింటికి సున్నంతో గీతలు వేయించడానికి మైదానానికి వెళ్లాను. చంద్రగిరి కీపరు అప్పటికే అక్కడున్నాడు. ముందురోజు ఏడు గోల్స్ తిన్న పిల్లోడు, ఓడిపోయి ఇంటికి పోయినవాడు, తెల్లారకముందే సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు. అవతలి గోలు దగ్గర బెంగళూరు కీపరు ప్రాక్టీసు చేస్తున్నాడు. మణిపూర్ కుర్రాడు. వీడు పోయి స్తంభం పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఆ అబ్బాయే రమ్మని చెయ్యి ఊపాడు. వీడికి హిందీ అంతంతమాత్రం, అతనికి తెలుగు రాదు. అతను నేల మీద కాళ్లు చాపి కూర్చుని, పక్కకి వేసిన బంతిని అందుకుంటూ వాలిపోయి చూపించాడు. ముందు తొడ, తర్వాత నడుము, తర్వాత భుజం నేలకు తగలాలి. మోచెయ్యి ఎప్పుడూ తగలకూడదు. మనవాడు అన్నేళ్లుగా మోచెయ్యి ఆనించే పడుతున్నాడు. ఆ చేతికి ఎప్పుడూ ఉండే పుండు ఎందుకొస్తోందో అప్పటిదాకా మనలో ఒక్కరమూ గమనించలేదు. కూర్చుని పది సార్లు, మోకాళ్ల మీద పది సార్లు, ఆ తర్వాత నిలబడి. గంటసేపు సాగింది. నేను సున్నం డబ్బా చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందురోజు ఆ తండ్రికి చెప్పలేకపోయిన జవాబు ఇదే.

సెమీఫైనల్లో శ్రీకాళహస్తి జట్టు అదే బెంగళూరు జట్టుతో 1–1 దగ్గర నిలబడింది. చంద్రగిరి ఆట చూసిన శ్రీకాళహస్తి కోచ్ తన డిఫెండర్లను పది గజాలు వెనక్కి జరిపి, మధ్యలో పరుగెత్తడానికి చోటు లేకుండా చేశాడు. మన గోల్ కార్నర్ నుంచి వచ్చింది. పెనాల్టీలలో ఓడాం. ఆ సాయంత్రం గట్టు మీద జనం చాలాసేపటిదాకా కదల్లేదు.

ఫిర్యాదు రెండో సెమీఫైనల్ గురించి. చెన్నై జట్టు మొదటి ఆటలో పుత్తూరు మీద గెలిచిన తీరు చూసి రేణిగుంట పిల్లలు రెండు రోజులు కష్టపడి తయారయ్యారు. ఆట ముందురోజు సాయంత్రం ఆ క్లబ్బు తమ సొంత మ్యాచ్ ఉందని ఐదుగురిని వెనక్కి పిలిపించుకుంది. బదులుగా వచ్చినవాళ్లు పదిహేనేళ్లు కూడా దాటని పిల్లలు. రేణిగుంట 4–0తో గెలిచింది. గెలిచినవాళ్ల ముఖాల్లో సంతోషం లేదు. "మేం గెలిచింది వాళ్లని కాదు కదా సార్" అన్నాడు కెప్టెన్. అతిథి జట్లతో మనకొచ్చిన అసలు ఇబ్బంది ఇది. వాళ్లు బలవంతులు కావడం వల్ల మనకు నష్టం జరగలేదు. మన కప్పు వాళ్లకు రెండో పని అయినప్పుడు జరిగింది. ఓటమిని పిలకాయలు తట్టుకుంటారు. తమను లెక్కలోకి తీసుకోలేదని తెలిస్తే తట్టుకోలేరు.

ఫైనల్లో బెంగళూరు 2–0తో రేణిగుంట మీద గెలిచింది. మన రోలింగ్ కప్పు మొదటిసారి జిల్లా దాటింది. నిరుడు ఈ భయాన్ని ముందే చెప్పిన సభ్యులకు ఆ మాట నేను ఒప్పుకోవాలి.

అతిథులు గెలిచినా కప్పు ఇవ్వకూడదు, సర్టిఫికెట్ ఇచ్చి పంపాలని కొందరు సూచించారు. ఐ-లీగ్ రెండో డివిజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బుల రిజర్వు జట్లు ఆడినప్పుడు ఎన్ని గెలిచినా వాటికి పై డివిజన్‌కు ప్రమోషన్ ఉండేది కాదన్న నియమాన్ని గుర్తుచేశారు. స్పెయిన్‌లో 1980 కోపా డెల్ రే ఫైనల్ రియల్ మాడ్రిడ్‌కూ దాని రిజర్వు జట్టు కాస్టిల్యాకూ మధ్యే జరిగింది. పెద్ద జట్టు 6–1తో గెలిచింది. 1990 తర్వాత రిజర్వు జట్లను ఆ కప్పులోకే రానివ్వడం లేదు. కానీ అక్కడ తల్లి జట్టు, పిల్ల జట్టు ఒకే కప్పులో ఉండటం చిక్కు. మనకు ఆ చిక్కు లేదు. గెలిచినవాడికి కప్పు ఇవ్వని ఆటలో ఓడినవాడి కష్టానికీ విలువుండదని నా అభిప్రాయం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చుకుంది. బయటివాళ్లని బొంబాయి వాళ్లు తలుపు మూసి ఉంటే, కోచ్ రహీం సాహెబ్ తయారు చేసిన ఆ కుర్రాళ్ల ఆట దేశానికి తెలిసేదా?

ఇంకో సంగతి. బెంగళూరు కోచ్ మనవాళ్లలో ఇద్దరిని ట్రయల్స్‌కు పంపమన్నారు. అందులో ఒకబ్బాయి తల్లి తిరుచానూరులో పూలు కడుతుంది. ఆమె అడిగింది ఒక్కటే, "టెంత్ పరీక్షలు రాయనిస్తారా సార్?" మార్చి పరీక్షలు అయ్యాకే పంపుతామని కోచ్‌కు చెప్పాం, ఆయన ఒప్పుకున్నారు. అబ్బాయి పరీక్షలు రాశాడు. సంఘం మనిషి తోడు లేకుండా, తల్లిదండ్రులకు చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని రెండు కుటుంబాలకూ చెప్పి ఉంచాం. డబ్బు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే నాకు చెప్పండి.

వచ్చే కప్పుకు కార్యవర్గం ప్రతిపాదన ఇది. ఎనిమిది జట్లలో అతిథులు రెండుకు మించరు. పద్దెనిమిది మంది పేర్లు, వయసు పత్రాలు మొదటి ఆటకు వారం ముందే ఇవ్వాలి. ఆ పేర్లు ఫైనల్ దాకా మారవు, గాయమైతే తప్ప. మధ్యలో ఆటగాళ్లను వెనక్కి పిలిచిన క్లబ్బుకు మరుసటి ఏడాది పిలుపు ఉండదు. ప్రతి అతిథి జట్టూ ఒక ఉదయం మన పిల్లలందరితో కలిసి ప్రాక్టీసు చేయాలి, కీపర్లకు విడిగా. గెలిచినవాళ్లు కప్పు తీసుకెళ్తారు. దీనిమీద ఈరోజే ఓటింగు. చంద్రగిరి, పుత్తూరు జట్ల కెప్టెన్లకు ఓటు లేకపోయినా మాట్లాడే అవకాశం ఇవ్వాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. వాళ్లిద్దరూ వెనక వరసలో కూర్చుని ఉన్నారు.

కార్యదర్శి,
తిరుపతి