దాల్చినచెక్క నక్షత్రాల ధర పెంచాను, ఎందుకంటే...

క్రిస్మస్ కుకీల ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాను. ధర సంగతి ముందే చెప్పేస్తే మంచిది. దాల్చినచెక్క నక్షత్రాలు పోయినేడాది పావుకిలో డబ్బా 340 రూపాయలు, ఈసారి 420. పల్చటి శొంఠి కుకీలు మాత్రం పాత ధరకే, 280.

ధర చెప్పగానే ఎంవీపీ కాలనీ ఆంటీగారు ఒకరు ఫోన్ చేసి, "బిస్కెట్ల మీద జీఎస్టీ తగ్గించారు కదమ్మా, నువ్వేంటి పెంచావు?" అని అడిగేశారు. అడగాల్సిన ప్రశ్నే. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, కేకుల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగిన మాట నిజం. కానీ నాలాంటి చిన్న ఇంటి వ్యాపారం జీఎస్టీ పరిధిలోకే రాదు. ఆ 18 శాతం నేను మీ దగ్గర ఎప్పుడూ తీసుకోలేదు, ఇప్పుడు తగ్గించడానికీ ఏమీ లేదు. నాకు కలిసొచ్చిందల్లా సరుకు కొనే దగ్గరే. వెన్న మీద, బాదం మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. శొంఠి కుకీల ధర కదల్చకుండా ఉండగలిగానంటే వెన్న పుణ్యమే. నక్షత్రాల్లో వెన్న ఉండదు. బాదం దగ్గర మిగిలిన నాలుగు రూపాయలూ దాల్చినచెక్క మింగేసింది.

ఈ నక్షత్రాలు జర్మనీవాళ్ల పాతకాలపు క్రిస్మస్ వంటకం. వాళ్లు జిమ్ట్‌ష్టెర్నె అంటారు. బాదంపొడి, పంచదార, గుడ్డు తెల్లసొన, దాల్చినచెక్క, అంతే. మైదా పడదు. కాబట్టి దాల్చినచెక్క ఎలాంటిదైతే నక్షత్రం అలాగే ఉంటుంది, దాచడానికి వేరే ఏమీ లేదు. మన కిరాణా కొట్లలో ఆ పేరుతో దొరికేది చాలావరకు కాసియా. మందంగా, గట్టిగా ఉంటుంది. బిర్యానీలోకి అదే బాగుంటుంది, మా ఇంట్లోనూ అదే. శ్రీలంక దాల్చినచెక్క వేరు. కాగితంలాంటి పొరలు ఒకదాన్లో ఒకటి దూరి, మన తాతల చుట్టలా కనిపిస్తుంది. వేళ్లతో నలిపితే విరిగిపోతుంది.

కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది చాలాకాలం, మోతాదు మించి తింటే కొందరికి లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. 2006లో జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ దీని గురించి హెచ్చరించినప్పుడు మొదట చర్చకు వచ్చినవాటిలో ఈ నక్షత్రాలూ ఉన్నాయి. ఇప్పుడు ఐరోపాలో దాల్చినచెక్క వేసిన పండగ బేకరీ సరుకులో కిలోకి 50 మిల్లీగ్రాములకు మించి కూమరిన్ ఉండకూడదు. రోజూ తిన్నా ఫర్వాలేదనే పరిమితి శరీర బరువులో కిలోకి 0.1 మిల్లీగ్రాము. అంటే 15 కిలోల పిల్లాడికి ఒకటిన్నర మిల్లీగ్రాములు. అరగ్రాము కాసియా పొడిలోనే దాదాపు అంత ఉండొచ్చు. శ్రీలంక చెక్కలో అది నామమాత్రం.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆ పరిమితి కొన్నాళ్లు కాస్త దాటినా ఏమీ కాదని నిపుణులే చెప్పారు, పోయినేడాది కాసియాతో చేసిన నక్షత్రాలు తిన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే నా దగ్గర నక్షత్రాలు కొనేది ఎక్కువగా పిల్లలున్న ఇళ్లవాళ్లు. డబ్బా అందేచోట ఉంటే పిల్లలు లెక్కపెట్టుకుని తినరు కదా. పూర్ణా మార్కెట్‌లో శ్రీలంక చెక్క రేటు విన్నాక వెనక్కి వచ్చేద్దామనే అనిపించింది గానీ, కొనేశాను. దీనికి ఘాటు తక్కువ, కమ్మటి వాసన ఎక్కువ. కాసియా మంటకు అలవాటుపడ్డవాళ్లకి కొంచెం చప్పగా అనిపించొచ్చు. శొంఠి కుకీల్లో మాత్రం కాసియానే వాడుతున్నాను. అందులో పడేది చిటికెడు, పెత్తనమంతా శొంఠిదీ లవంగాలదీ.

ఆ శొంఠి కుకీలు స్వీడన్ పద్ధతివి, పెపర్‌కాకోర్. అక్కడ పాకంలాంటి చిక్కటి సిరప్ పోస్తారు, నేను అనకాపల్లి బెల్లం వేస్తాను. రంగు కోసం ముదురు బెల్లమే కావాలి. అది ఎక్కువ మొత్తంలో అడిగితే కొట్టువాడు నావైపు అదోలా చూస్తాడు, సారా కాస్తున్నాననుకుంటాడో ఏమో. యాలకులు ఉంటాయి, పాడేరు మిరియాలు కూడా కొంచెం పడతాయి. "బిస్కెట్లో మిరియాలేటమ్మా!" అన్న పెద్దాయనే పోయినసారి మూడు డబ్బాలు పట్టుకెళ్లారు.

బెల్లం గాలిలోని తేమను లాగేస్తుంది, మన ఊళ్లో సముద్రం ఆ తేమకు లోటు రానివ్వదు. కుకీలు మెత్తబడితే పారేయకండి. 150 డిగ్రీల ఓవెన్‌లో అయిదు నిమిషాలు పెట్టి, పూర్తిగా చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. నక్షత్రాలకు మాత్రం ఈ పని చేయొద్దు, అవి లోపల కాస్త సాగుతున్నట్టే ఉండాలి. రెండూ ఒకే డబ్బాలో పెట్టకండి. నక్షత్రాల తడి శొంఠి కుకీలకు ఎక్కేస్తుంది. కలిపి ఒక గిఫ్ట్ డబ్బా చేయమని చాలామంది అడుగుతున్నారు, చేయనిది అందుకే.

గుడ్డు తిననివాళ్లు శొంఠి కుకీలు తీసుకోండి, వాటిలో గుడ్డు లేదు. తెల్లసొన లేకుండా నక్షత్రాలు మాత్రం నా వల్ల కాదు.

ఆర్డర్లు డిసెంబర్ 14తో ఆపేస్తాను. శొంఠి పిండి కనీసం ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటేనే పల్చగా ఒత్తడానికి లొంగుతుంది, నక్షత్రాల తెల్లపూత మాడకుండా సన్నసెగ మీద కాల్చాలి, ఓవెన్ చూస్తే ఒక్కటే. 24 సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తను, ఆ టైముకి మేమూ చర్చిలోనే ఉంటాం. 20వ తారీఖు నుంచి ఇంటికొచ్చి తీసుకెళ్లొచ్చు. గాజువాక, మధురవాడ వాళ్లకి బైక్ మీద పంపిస్తాను, ఆ చార్జీ మీదే. ఈ శొంఠి కుకీని అరచేతిలో పెట్టుకుని వేలితో నొక్కితే సరిగ్గా మూడు ముక్కలైతే కోరిక తీరుతుందని స్వీడన్‌లో అంటారు. గాజువాక చేరేసరికి కొన్ని దారిలోనే అయిదారు ముక్కలవుతాయి. వాటికి డబ్బులు వెనక్కివ్వలేను, కాబట్టి వీలైనవాళ్లు వచ్చి తీసుకెళ్లడమే మేలు. పోయినేడాది రేకు డబ్బా ఉంటే తీసుకురండి, మూత ఇంకా బిగుతుగా ఉంటే 20 రూపాయలు తగ్గిస్తాను.