భాకరాపేట ఘాట్‌లో ఆగిన పాల ఆటో అన్నకు

డిసెంబరు చివర్లో స్నేహితులం కలిసి తిరుపతి నుంచి తలకోనకు కారులో బయలుదేరాం. రంగంపేట దాటాక దారంతా మంచు, పక్కనే శేషాచలం అడవి. భాకరాపేట ఘాట్ ఎక్కుతుండగా ఇంజన్ వేడెక్కి బానెట్‌లోంచి పొగలొచ్చాయి. అదీ మలుపులో. వెనక వచ్చే లారీలకు మేం కనిపించం. అందరికీ ఒకటే టెన్షన్.

అప్పుడు ఆగారు మీరు, పాల క్యాన్ల ఆటోతో. ముందు కారు జోలికి రాలేదు. కొమ్మలు విరిచి, మలుపుకు అవతల రోడ్డు మీద పరిచి వచ్చారు. మావాడు రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే "ఉండప్పా, వేడినీళ్లు మొహాన చిమ్ముతాయి" అని ఆపారు. చాలాసేపు చల్లారనిచ్చి, తడి గోనెసంచి కప్పి, మూత కొంచెం కొంచెంగా తిప్పి ఆవిరి వదిలారు. వదులైన హోస్ క్లిప్పు బిగించి, మా దగ్గరున్న తాగేనీళ్లే పోయించారు. పాలకు ఆలస్యమవుతున్నా, ఘాట్ దాటేవరకు ఇండికేటర్ వేసుకుని మా ముందే నడిచారు. డబ్బులిస్తే తీసుకోలేదు. పేరడిగితే నవ్వి వెళ్లిపోయారు.

అన్నా, ఆ రోజు తలకోన జలపాతం కింద నిలబడి మేం మాట్లాడుకున్నది మీ గురించే. మా అమ్మ మిమ్మల్ని భోజనానికి పిలవమంటోంది. ఇది మీ కంటపడితే ఒక్క మాట చెప్పండి. మా అందరి తరఫున మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.