మళ్లీ అద్దె సైకిలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్త ఉద్యోగంలో చేరిన నెలకే నీకు సైకిలు మీదికి మనసు పోవడం ఆశ్చర్యంగానే ఉంది గాని, ఆఫీసు ద్వారా సైకిలు ఇప్పించే ‘సైకిల్ టు వర్క్’ పథకం కాగితాలు చదివి తలపట్టుకున్నానని రాశావే, అందులో మాత్రం వింతేమీ లేదు. నిరుడు బ్రిస్టల్‌లో నేనూ అలాగే పట్టుకున్నాను.

ముందు ఒక సంగతి తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా బోధపడుతుంది. చట్టం దృష్టిలో నువ్వు సైకిలు కొనడం లేదు, అద్దెకు తీసుకుంటున్నావు. వెనుక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు వేసి, గంటకింత అని ఇచ్చేవారే, ఆ సైకిళ్లు గుర్తున్నాయా? ఇదీ ఆ బాపతే. 1999లో ఇక్కడి, అంటే బ్రిటన్ ఆర్థిక చట్టం ఇచ్చిన వెసులుబాటు వల్ల, పన్ను పడకముందే జీతంలోంచి ఆ అద్దెను నెలనెలా కోసుకుంటారు. మామూలు శ్లాబులో ఉన్నవాడికి ఆదాయపు పన్ను 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ (పింఛను వగైరాల కోసం జీతంలోంచి కట్టే చందా) 8 శాతం, కలిపి 28 శాతం మిగులుతుంది. నేను తీసుకున్నది క్యారియరు, లైట్లు, తాళం సహా 1,500 పౌండ్లకు. ఏడాదిపాటు నెలకు 125 కోశారు గాని, చేతికి వచ్చే జీతంలో తగ్గింది 90 మాత్రమే.

అయితే, ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఏడాది తరువాత సైకిలును సొంతం చేసుకోవాలంటే, 500 పౌండ్లు, ఆపై ఖరీదున్న బండికి పన్నుశాఖ పట్టిక ప్రకారం 25 శాతం విలువ కట్టాలి. అంటే 375 పౌండ్లు. మిగిలిందనుకున్న 420లో అది పోతే చేతిలో ఉండేది 45. అందుకే చాలామంది అద్దెనే పొడిగించుకుంటారు. నాలుగేళ్లు నిండేసరికి ఆ విలువ 7 శాతానికి, అంటే నా బండికి 105 పౌండ్లకు, దిగుతుంది. నేనూ ఆ దారే పట్టాను కాబట్టి, కాగితం మీద నాది ఇప్పటికీ అద్దె సైకిలే. మధ్యలో ఉద్యోగం మానేస్తే మాత్రం, మిగిలిన వాయిదాలను పన్ను పోయాక వచ్చే జీతంలోంచి ఒక్కసారే పట్టుకుంటారు. నీకు ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు గనుక, అది తేలేదాకా సంతకం చేయకు.

ఇక ఏ సైకిలు అన్నది. ఇక్కడే నేను కొంచెంలో తప్పించుకున్నాను. 28 శాతం తగ్గుతుందనగానే, మనిషి అంత ఖరీదైన బండి వైపే చూస్తాడు. నేను కూడా కార్బన్ ఫోర్కు ఉన్న తేలికపాటి గ్రావెల్ బైకు (కంకర దారుల్లోనూ పరుగెత్తే రకం) దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఒక్క చేత్తో పైకెత్తి చూసి మురిసిపోయాను. అదృష్టవశాత్తు ఆ రోజు నా ఆఫీసు సంచి వెంట తీసుకువెళ్లాను. దుకాణంవాణ్ణి బతిమాలి దానికి క్యారియరు బిగించి, ల్యాప్‌టాప్, టిఫిన్ డబ్బా ఉన్న ఆ సంచిని పక్కకు తగిలించి వీధి చివరిదాకా తొక్కాను. పెడల్ తిప్పిన ప్రతిసారీ మడమ సంచికి టక్కున తగిలింది. పెడళ్ల ఇరుసుకూ వెనుక చక్రపు ఇరుసుకూ మధ్య దూరం ఆ బండిలో తక్కువ. సామానుతో దూరప్రయాణాలకు చేసిన అసలైన టూరింగ్ బండిలో అది దాదాపు 45 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడాయే గాని, ఏడాది పొడుగునా తొక్కే కాలికి అది చిన్నది కాదు.

చివరికి తీసుకున్నది స్టీలు ఫ్రేము బండి. బరువు 14 కిలోలు. చక్రానికి 36 పుల్లలు, 35 మిల్లీమీటర్ల ష్వాల్బె మారథాన్ టైర్లు, నిండు మడ్‌గార్డులు, తీగతో పనిచేసే డిస్కు బ్రేకులు. ముందు మూడు పళ్లచక్రాల్లో చిన్నదానికి 26 పళ్లు, వెనుక పెద్దదానికి 34. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి ఒకటిన్నర మీటరుకు కాస్త ఎక్కువే కదులుతుంది, కాబట్టి సామానుతోనైనా గట్టు ఎక్కవచ్చు. మా ఆవిడ దాన్ని చూసి, “ఇది మా తాతగారి పాలబండి కదూ” అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఇనుప ఫ్రేము, మడ్‌గార్డు, క్యారియరు, నిటారుగా నిలిపే స్టాండు. వీటిలో ఒక్క స్టాండునే నేను అదనంగా కొనవలసి వచ్చింది.

నా దారి చాలామటుకు పాత రైలు మార్గమే. బ్రిస్టల్ నుంచి బాత్ దాకా 13 మైళ్ల ఆ కట్టను 1979 నుంచి 1986 దాకా సైకిలు బాటగా మార్చారు. మాంగట్స్‌ఫీల్డ్ దగ్గర ఎక్కి, స్టేపుల్ హిల్ సొరంగంలో దాదాపు అర కిలోమీటరు నీళ్లు బొట్లుబొట్లుగా మెడ మీద పడుతుంటే తొక్కుకుంటూ పోతాను. నవంబరు వానలో మడ్‌గార్డులు లేని కుర్రాడొకడు నన్ను దాటిపోయాడు, వీపు మీద బురద నిలువుగీతలా. ఆఫీసుకు వాడు నాకంటే ముందే చేరి ఉంటాడు, కాని చొక్కా మార్చుకోవలసి వచ్చి ఉంటుంది.

మే నెలలో అదే సైకిలు మీద బాత్ దాటి, కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ గట్టున డివైజెస్‌కు వెళ్లి, ఒక రాత్రి ఉండి వచ్చాను. కేన్ హిల్ దగ్గర 29 లాకులు మెట్లు మెట్లుగా పేర్చి ఉంటాయి, చూడవలసిందే. అలాంటి ప్రయాణాలకు పథకంలో అభ్యంతరం లేదు. సగానికి మించిన వాడకం ఆఫీసు రాకపోకలకై ఉండాలన్నదే షరతు.

నీ ఇంటి నుంచి ఆఫీసుకు ఎన్ని మైళ్లు, మధ్యలో ఎత్తు ఎంత, ఇంట్లో సైకిలును మెట్లెక్కించాలా అన్నవి నువ్వు రాయలేదు. మెట్లుంటే మాత్రం ఈ 14 కిలోల సంగతి మరచిపో, వేరేదేదైనా చూద్దాం. కాలి లోపలి కొలత కూడా సెంటీమీటర్లలో పంపు. గోడకు ఆనుకుని, లావుపాటి పుస్తకమొకటి కాళ్ల మధ్య ఎత్తిపట్టుకుని కొలవాలి, ఒంటరిగా కుదరదు.

ఇట్లు,
నీ మిత్రుడు